పెట్టెలోని సైనికులు



శనివారము సాయంత్రము సంఘ యౌవనస్థులు నలుగురితో కలిసి మేము యుద్ధపు ఆట ఆడుతుంటాము. అంగుళము పైచిలుకు ఎత్తున్న బొమ్మ సైనికులను బల్లమీద టేపుతో కొలిచి నడిపిస్తాము. ఎవరు పడిపోయారో పాచికలు తేలుస్తాయి.

ఒకనాడు ఒక సహోదరి ప్రార్థనకు వచ్చారు. ఆమె కుమారుడు సరిహద్దులో సిపాయి. గెలిచామన్న సంతోషములో మేము పడిన బొమ్మలను పెట్టెలో వేస్తున్నాము. ఆమె కొంతసేపు చూచి, "అయ్యగారూ, వీళ్లు వచ్చే వారం మళ్లీ లేస్తారు కదా?" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

ఈ ఆటకు నియమాలు కూర్చి 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకము వ్రాసిన హెచ్.జి. వెల్స్, నిజమైన యుద్ధము ఎంత తెలివిమాలిన పనో ఈ ఆట ఆడితే తెలుస్తుందని తలంచారు. మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది.

మేము ఆట మానలేదు. అయితే ఇప్పుడు పెట్టె మూయకముందు ఆమె కుమారుని పేరెత్తి ప్రార్థిస్తాము. అటువైపు తల్లుల బిడ్డలను కూడ జ్ఞాపకము చేసికొంటాము. అలా చేయమని అడిగింది ఆ తల్లే.