చిరిగిన చివరి పుటలు

గత మాసంలో మా అన్నయ్య కుమారుడు ఒక స్థూలమైన పుస్తకాన్ని నా చేతిలో ఉంచి, "బాబాయ్, మీ చిన్ననాటి బొమ్మల కథలు మళ్ళీ అచ్చువేశారు" అన్నాడు. అట్టమీద నల్లని ముఖావరణం ధరించిన ఫాంటమ్, అతని తెల్లని గుఱ్ఱం, ప్రక్కన తోడేలు. షష్టిపూర్తి గడచినవాని హృదయం ఒక అట్టబొమ్మకు అంతగా స్పందించడం ఉచితమా అంటే కాదేమో. కాని స్పందించింది.

ఈ తరంవారికి కొంత పరిచయం ఆవశ్యకం. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో బొంబాయి నుండి, టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ పక్షాన, ఫాంటమ్ కథతోనే ప్రారంభమైంది. లీ ఫాక్ అనే అమెరికా రచయిత ఈ వీరుణ్ణి 1936లో దినపత్రికల కోసం సృష్టించాడు. అక్కడ దినానికి మూడు నాలుగు గళ్ళ చొప్పున నెలల తరబడి సాగిన కథను ఇక్కడ కత్తిరించి, పేర్చి, రంగులద్ది, ఒక సంచికలో ఇమిడ్చేవారు. ఆ ప్రయత్నంలో కొన్ని గళ్ళు అంతర్ధానమయ్యేవి. పేర్లు సైతం మారేవి. మూలంలోని బెంగల్లా దేశం మా సంచికలలో డెంకాలి. అంటే మేము మూలమని భావించి ఆరాధించినది వాస్తవానికి ఒక పునర్ముద్రణ. అందులోనూ మాకు లభించేది ఎవరో చదివి విడిచిన ప్రతి, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటమీద, పావలాకో అర్ధరూపాయికో.

మా సంగ్రహం ఒక రేకు ట్రంకులో ఉండేది. దానికి అధిపతి అన్నయ్య. నాకంటే తొమ్మిదేండ్లు పెద్దవాడు. అట్టమీది సంఖ్యలను ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాసి, లేనివాటికి ఎదురుగా సున్న చుట్టేవాడు. ఆ సున్నలను పూరించడమే మా ఆదివారాల పరమ ప్రయోజనం. వీధిలోని బాలురతో మారకాలు జరిగేవి: ఒక ఫాంటమ్‌కు రెండు మాండ్రేకులు, ఫ్లాష్ గార్డన్ అయితే బేరాన్ని బట్టి. అపరిగ్రహాన్ని గూర్చి నేడు నేను ఎంత ఉపన్యసించినా, ఒక సంచిక కోసం నా గోలీలన్నీ ధారపోసిన మధ్యాహ్నం నాకు స్పష్టంగా జ్ఞాపకమున్నది.

నాకు అప్పటికి ఇంగ్లీషు కూడబలుక్కొనేంత మాత్రమే వచ్చు. అన్నయ్య ప్రక్కన కూర్చుండి గడి గడికీ వ్రేలు ఉంచి తెలుగులో చెప్పేవాడు. కాబట్టి నాకు ఫాంటమ్ కంఠస్వరం మా అన్నయ్య కంఠస్వరమే.

నాన్నగారు ఒక పాఠశాలలో సంస్కృత పండితులు. చందమామలోని బేతాళ కథను మాకంటే ముందు తామే చదివి మాకిచ్చేవారు. హిందీ సంచికలలో ఫాంటమ్ పేరు "వేతాల్" అని తెలిసిన దినాన ఆయన చాలాసేపు నవ్వారు. "విక్రమార్కుడి భుజంమీద నుంచి దిగి గుఱ్ఱం ఎక్కాడన్నమాట" అన్నారు. నాటి నుండి మా ఇంట ఆ వీరుని నామధేయం ఇంగ్లీషు బేతాళుడు.

ఆ కథలోని మర్మం ఇది. అరణ్యవాసులకు ఫాంటమ్ మరణం లేనివాడు, నాలుగు వందల ఏండ్లుగా సంచరిస్తున్న భూతం. పాఠకునికి మాత్రం తెలుసు: తండ్రి మరణించగానే కుమారుడు కపాలంమీద ప్రమాణం చేసి అదే వేషం, అదే ముసుగు ధరిస్తాడు, ఇప్పుడున్నవాడు ఇరవై ఒకటవవాడు. ఒక రాత్రి వసారాలో నాకూ అన్నయ్యకూ వివాదం వచ్చింది. ఫాంటమ్ ఒక్కడా, ఇరవై ఒక్కరా? నాన్నగారికి ఇంతకంటే ఏమి కావాలి! నాడు చూచిన దేవదత్తుడే నేడు కనబడుతున్నవాడు అనే వేదాంతుల ఉదాహరణంతో ప్రారంభించి, క్షణక్షణమూ మారుతున్నా ఒకటేనని తోచే దీపశిఖ వద్దకు, కత్తిరిస్తే మళ్ళీ పెరిగిన జుట్టు వద్దకు వచ్చారు. పెరిగినది అదే జుట్టా, దానిని పోలినదా? బాహ్యవస్తువుల విషయంలో "అదేనా, దానివంటిదా" అనే సందేహానికి ఎప్పుడైనా అవకాశం ఉంటుంది. ఎరిగేవాని విషయంలో, "నాడు చూచిన నేనే నేడు చూస్తున్నానా, నావంటి మరొకడా" అని ఎవనికీ సందేహం కలుగదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయంలో, క్షణికవాదాన్ని ఖండించే ఘట్టంలో శంకరులు చెప్పిన మాట ఇది. నాకు అర్థమైనదల్లా నా పక్షమే గెలిచిందని. అన్నయ్య మాత్రం, "ముసుగు లోపలివాడికి తెలుస్తుంది కదా నాన్నా, తాను వేరని" అన్నాడు. నాన్నగారు బదులు చెప్పకుండా అతనివైపు చూశారు.

మరుసటి సంవత్సరం, 1975లో, నాన్నగారు పోయారు. అన్నయ్య డిగ్రీ చదువు ఆగింది. అదే పాఠశాలలో అతనికి గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. నాన్నగారి గొడుగు, నాన్నగారి చేతిగడియారం, కాస్త వదులైన నాన్నగారి చొక్కాలు. అమ్మ ఒకటి రెండు మార్లు వీధి గుమ్మంలో అతనిని చూచి ఉలిక్కిపడటం నాకు తెలుసు.

ఆ సంవత్సరమే అతడు ఒక సంచిక తెచ్చాడు. చివరి పుటలు చిరిగిపోయి ఉన్నాయి. "ఫరవాలేదురా, ఆఫీసులో ఒకరి దగ్గర పూర్తిది చూశాను" అని ముగింపు చెప్పాడు. ఒక వృద్ధుడు ఫాంటమ్ చేతులు పట్టుకొని, చిన్నతనంలో మీరే నన్ను రక్షించారు అంటాడట. ఫాంటమ్ ముసుగు తీసి, "ఆయన మా నాన్న. నేను వేరు. నాకు ప్రతిదినమూ భయంగానే ఉంటుంది" అంటాడట. నేను ఒప్పుకోలేదు. ఫాంటమ్ ముఖాన్ని పాఠకునికైనా చూపరు గదా! అతనికి భయమేమిటి? "ముసుగు ఉంటే కనబడదులే" అన్నాడు అన్నయ్య.

అటుపై సంగ్రహం పెరుగలేదు. నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ట్రంకు ఖాళీగా కనిపించింది; అన్నీ ఆబిడ్స్‌లోనే అమ్మివేశాడు. నేను దాదాపు ఒక మాసం అతనితో మాట్లాడలేదు. నా పరీక్ష రుసుము చెల్లించిన మాసమూ అదేనని చాలా ఏండ్ల తరువాత లెక్క చూచుకుంటే తెలిసింది. అప్పటికి అడుగవలసిన సమయం దాటింది. అన్నయ్య పోయి ఇప్పటికి ఐదేండ్లు.

ఈ కొత్త పుస్తకంలో ఆ కథ ఉంది. కత్తిరింపులు లేకుండా, దినపత్రికలో వచ్చిన క్రమంలో. ముగింపు వద్దకు వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి. దొంగలు పట్టుబడ్డారు, సొమ్ము స్వంతదారులకు చేరింది, ఫాంటమ్ గుఱ్ఱమెక్కి అడవిలోకి వెళ్ళిపోయాడు. వృద్ధుడు లేడు. ముసుగు తీయడమూ లేదు. రెండుమార్లు మొదటినుండి చదివాను. పంతొమ్మిదేండ్ల వయస్సులో, పదేండ్ల తమ్మునికి తప్ప మరెవ్వరికీ చెప్పలేని మాటను అతడు చిరిగిన పుటలలో దాచి చెప్పాడు. నేను దానితో వాదించాను.

"ఇందులో మా నాన్నకు ఇష్టమైన కథ ఏది బాబాయ్?" అని పిల్లవాడు అడిగాడు. పుట తీసి చూపించి, ముగింపు మాత్రం నేను చెప్పాను. అతడు పుస్తకాన్ని తనవైపు త్రిప్పుకొని చివరి గడి దాకా చూచి, "ఇందులో అలా లేదే" అన్నాడు.

"మా ప్రతిలో ఉండేదిరా" అన్నాను.