రేకు మీద నాయనమ్మ

సావనీర్‌కి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు వెంటపడుతున్నారు. కవిత్వం నా వల్ల కాదు గనుక, పోయిన సంవత్సరం నేను వెలగబెట్టిన ఒక నిర్వాకం గురించి రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు గాని, జూనియర్ మిత్రులెవరైనా ఈ పనికి పూనుకుంటే నా తప్పులు మాత్రం మళ్ళీ చేయవద్దని మనవి.

ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏం చేయాలా అని తల పట్టుకుని కూర్చుంటే, మా కెమిస్ట్రీ మాస్టారు ఒక పాత ఫొటోగ్రఫీ పద్ధతి చెప్పారు. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి దాన్ని ప్రకటించాడు. లవణాలు కలిపిన కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని గాజు పలక మీద పోసి, పలకను సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఆర్చర్ పేటెంటు తీసుకోలేదు. 1857లో పేదవాడుగానే పోయాడు. తర్వాత గాజుకి బదులు నల్లపూత పూసిన ఇనప రేకు కూడా వాడుకలోకి వచ్చింది. దాన్ని ‘టిన్‌టైప్’ అన్నారు గాని అందులో తగరం లేనే లేదు!

ఆ మాట వినగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. అంతకుముందే నా ఫోను నీళ్ళలో పడి ఆవిడ ఫొటోలన్నీ పోయాయి. రేకు మీద వెండితో దించితే ఎక్కడికి పోతుంది? సంక్రాంతికి బట్టలు కొనుక్కోమని ఆవిడ ఇచ్చిన డబ్బు పెట్టి, మరికొంత అప్పు చేసి, 25 గ్రాముల సిల్వర్ నైట్రేట్ సీసా తెప్పించాను. అందులో వెండే దాదాపు 16 గ్రాములు. చంటిపిల్ల కాళ్ళ పట్టీలంత అన్నమాట.

ఇక మిగతా సరుకుల వేట. మెడికల్ షాపులో కొలోడియన్ దొరికిందని ఎగిరి గంతేశాను. మాస్టారు లేబిల్ చూసి, “ఏమయ్యా, ఇది పుండ్ల మీద పూసేది. ఇందులో ఆముదం, కర్పూరం ఉన్నాయి. మనకి ఏమీ కలపనిది కావాలి” అన్నారు. అది కాలేజీ లెటర్‌హెడ్ మీద ఇండెంటు పెడితేగాని రాలేదు. ఈథర్‌లో కరిగించిన సరుకు కాబట్టి అగ్గిపుల్ల వాసన తగిలినా భగ్గుమంటుంది. హాస్టల్ రూముకి తీసుకుపోతానంటే మాస్టారు ససేమిరా అన్నారు. అందుకే పనంతా డిపార్టుమెంటు వెనక వరండాలోనే.

డెవలపర్‌కి కావలసిన ఫెర్రస్ సల్ఫేట్ మాత్రం ఎరువుల కొట్టులో దొరికింది. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, “అన్నభేదా? ఏ పైరుకి బాబూ?” అన్నాడు. మూడేళ్ళు ఫార్ములా బట్టీపట్టిన పదార్థం మా తాతయ్య చేలో చల్లే అన్నభేదేనని నాకు ఆ రోజే తెలిసింది. లేత ఆకుపచ్చగా ఉంటే పనికొస్తుంది, తుప్పురంగుకి తిరిగితే లాభం లేదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో కొన్నాను. కుళాయి నీళ్ళు వాడితే సిల్వర్ నైట్రేట్ పాలలాగా తెల్లబడుతుంది. పాతకాలపు వాళ్ళు కొందరు బొమ్మ స్థిరపడటానికి సైనైడ్ వాడేవారట. మాస్టారు ఆ మాటే ఎత్తనివ్వలేదు, హైపోతో సరిపెట్టాం.

అసలు చిక్కు రేకుతో వచ్చింది. ఖర్చు ఎందుకని ఖాళీ నూనె డబ్బా కత్తిరించి, నల్ల పెయింటు వేసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాను. ఈథర్ తగిలి అప్పటికే పెయింటు మెత్తబడి పొరలుగా లేచింది. బయటపడిన ఇనుము మీద వెండి నల్లగా పేరుకుంది, తొట్టంతా మురికి నీళ్ళయింది. ఇనుము వెండిని స్థానభ్రంశం చేస్తుందని ఇంటర్‌లో రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే! నాయనమ్మ డబ్బు కళ్ళముందే నల్లబడుతుంటే ఆ రాత్రి అన్నం సహించలేదు.

మాస్టారు తిట్టలేదు. కాస్త వంటసోడా కలిపించి, సీసాని డాబా మీద ఎండలో పెట్టమన్నారు. ఊరగాయ జాడీని కాచుకున్నట్టు దాన్ని కొన్నాళ్ళు కాచుకున్నాను. వడగడితే మళ్ళీ తేటగా వచ్చింది, కొంత వెండి నష్టమైతే అయింది గాని. ఇక రేకు సంగతి. స్పోర్ట్స్ డేకి మన యూనియన్ వాళ్ళు ఇచ్చే కప్పుల మీద పేర్లు చెక్కే నల్లరేకు ఉంటుందే, ఆ అల్యూమినియం రేకే సరిగ్గా సరిపోయింది. పైనున్న ప్లాస్టిక్ పొర ఒలిస్తే అద్దంలాంటి నలుపు. కప్పుల షాపాయన కత్తిరింపు ముక్కలు ఊరికే ఇచ్చాడు.

నాయనమ్మ కంటి శుక్లం ఆపరేషన్‌కి టౌనుకి వచ్చినప్పుడు, ఆపరేషన్ ముందురోజు వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఒక స్టూడియో ఆయన దగ్గర అరువు తెచ్చిన పాత పెట్టె కెమెరా. దానికి షట్టరు లేదు, లెన్సు మూత తీసి పెట్టడమే. 8 సెకన్లు కదలకుండా కూర్చుందావిడ. రేకు హైపోలో పడగానే నీలంగా మసకగా ఉన్న బొమ్మ తేటపడి ముఖం పైకి తేలింది. ఆ క్షణం గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఈ పద్ధతికి ఎరుపు, పసుపు దాదాపు కనబడవు. అందుకని బొట్టు కాటుకలా నల్లగానూ, పసుపు రాసుకున్న ముఖం చామనఛాయకన్నా ముదురుగానూ వచ్చాయి. పైగా రేకు మీద కుడి ఎడమలు తారుమారు. “ముక్కుపుడక అటువైపు ఉందేమిట్రా?” అన్నారు మిత్రులు. నాయనమ్మ మాత్రం రేకుని కంటికి దగ్గరగా పెట్టుకుని, “సరిగ్గానే ఉంది. రోజూ అద్దంలో చూసుకునే మొహమే కదా ఇది” అంది.

అప్పుడు పండగ బట్టల డబ్బు సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. సిల్వర్ నైట్రేట్ పడి నల్లబడిన నా వేళ్ళు పట్టుకుని, “ఓటేసొచ్చినట్టున్నాయిరా!” అని నవ్వింది. ఆ మచ్చలు చర్మంతోపాటు రాలిపోయాయి. లక్క పూత వేసిన ఆ రేకు ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది. ప్రాజెక్టుకి ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రం దయచేసి అడక్కండి.