డాట్‌నెట్‌లో బేసిక్‌కి చోటెందుకు?

డాట్‌నెట్‌లో సీ షార్ప్ ఉండగా విజువల్ బేసిక్ ఎందుకండీ అని అడిగేవాళ్ళు 2002లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రెండూ ఒకే ఇంటర్మీడియట్ భాషలోకి కంపైలవుతాయి, వాడేవి ఒకే లైబ్రరీలు. మరి రెండో భాష దండగే కదా అని వాళ్ళ వాదన.

పాత భాషకి చోటివ్వాలనే నేనంటాను. కానీ ఒక షరతు.

మా భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్ళలో పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, బడికొస్తే పుస్తకం తెలుగులో ఉంటుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు కోయ వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు. లిపి కొత్తదే, కానీ పిల్లాడు ఇంట్లో విన్న మాటకి అర్థం మారలేదు. నా షరతు అదే.

విజువల్ బేసిక్‌కి జరిగింది దీనికి తలకిందులు. పేరు ఉంచారు, అర్థాలు మార్చారు. విబి6లో 16 బిట్ల ఇంటీజర్ డాట్‌నెట్‌లో 32 బిట్లయింది. రెండు బైట్లుగా ఫైల్లో రాసిన అంకెని నాలుగు బైట్లుగా చదివితే లెక్క ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. వేరియంట్ పోయింది, ఆప్షన్ బేస్ పోయింది. అప్‌గ్రేడ్ విజార్డ్ ఇచ్చారు గానీ, అది మార్చలేనిదంతా మనం చేత్తో దిద్దుకోవాల్సిందే. పాత విబిని కొనసాగించమని 2005లో వందమందికి పైగా ఎంవీపీలే పిటిషన్ పెట్టారంటే ఊరికే కాదు.

పెద్ద కంపెనీలు తిరగరాయించుకుంటాయి లెండి. ఖమ్మం మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టుకి ఎప్పుడో ఒక కుర్రాడు విబి6లో రాసిచ్చిన తక్‌పట్టీల ప్రోగ్రాం సంగతేంటి? రాసినవాడు ఇప్పుడు ఏ బెంగుళూరులోనో, డాలస్‌లోనో ఉంటాడు. కొట్టు ఆయనకి ప్లాట్‌ఫాం గొడవ పట్టదు. బస్తాల తూకం, రైతుకివ్వాల్సిన డబ్బు తప్పు రాకూడదు, అంతే. అలాంటి ప్రోగ్రాములకి దిక్కయింది విబి డాట్‌నెట్ కాదు, మైక్రోసాఫ్ట్ విండోస్ 11 దాకా మోసుకొచ్చిన విబి6 రన్‌టైమ్.

కోబాల్ 1959 నాటిది. దానికీ డాట్‌నెట్ కంపైలర్లు వచ్చాయి. అవి వచ్చింది ఏళ్ళ తరబడి పోగైన పాత కోడుని వీలైనంతవరకు ఉన్నదున్నట్టు నడిపించడానికి. కాబట్టి వాటికి నా ఓటు.

విబిని భాషగా ఇక పెంచబోమని, సపోర్టు మాత్రం ఉంటుందని 2020లో మైక్రోసాఫ్ట్ చెప్పినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. నాకైతే అదే మేలనిపించింది. కొత్త హంగులు లేకపోయినా ఫరవాలేదు, ఇవాళ రాసిన లైను పదేళ్ళ తర్వాత కూడా ఇదే లెక్క చెయ్యాలి. ఆ మాట ముందే, 2002లోనే అనుకుని ఉంటే బాగుండేది. మీరేమంటారు?