కుర్సురా పెరిస్కోప్ చూశాక

సిద్దిపేట నుంచి విశాఖ వెళ్లినవాళ్లకు సముద్రమే సగం వింత. మిగతా సగం రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉంది: ఐఎన్‌ఎస్ కుర్సురా. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, సిబ్బంది 75 మంది. గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి, కాలెత్తి దాటుకుంటూ పోవాలి.

మేం ఎక్కువసేపు నిలబడింది పెరిస్కోప్ దగ్గరే. అద్దాలు, కటకాలు బిగించిన ఉక్కు గొట్టం అది. పైన పడిన వెలుగు కింద కంటిదాకా చేరాలి కనుక గొట్టం నౌక గోడను దాటి లోపలికి రాక తప్పదు. పైకీ కిందికీ జరగాలి, చుట్టూ తిరగాలి, నీటి చుక్క మాత్రం దిగకూడదు. ఇంతా చేస్తే చూడగలిగేది ఒక్కడే.

సొంతంగా చిన్న జలాంతర్గామి కట్టేవాళ్లకు పెరిస్కోప్ కన్నా కెమెరా మేలనేది ఇందుకే. బొమ్మ బాగుంటుందని కాదు, రంధ్రం చిన్నదవుతుందని. 10 మీటర్ల లోతులో 18 సెంటీమీటర్ల రంధ్రం మీద నీరు సుమారు 250 కిలోల బలంతో నొక్కుతుంది. సెంటీమీటరు కేబుల్ రంధ్రం మీద ఆ బలం కిలో కూడా ఉండదు.

2004లో అమెరికా నౌకాదళంలో చేరిన వర్జీనియా జలాంతర్గామిలోనూ గొట్టం లేదు, కెమెరాలు బిగించిన స్తంభాలే (మాస్టులు). దాంతో కంట్రోల్ రూమ్‌ను ఒక అంతస్తు కిందికి, వెడల్పైన చోటికి జరిపారు. 2018 నాటి యూఎస్‌ఎస్ కొలరాడోలో ఆ మాస్టును తిప్పేది వీడియోగేముల ఎక్స్‌బాక్స్ కంట్రోలర్! సుమారు 38 వేల డాలర్ల పరికరం పోయి 30 డాలర్ల లోపు సరుకు వచ్చింది. మన మెకానిక్‌లకు ఈ కబురు నచ్చుతుంది.

సొంత తయారీలో అసలు చిక్కు కేబుల్‌తోనే. వైఫై సిగ్నల్ నీళ్లలో నిలవదు కాబట్టి కేబుల్ లేకుండా కుదరదు. చుట్టూ సీలు వేస్తే సరిపోదు. పైతొడుగు ఎక్కడ చిరిగినా నీరు తీగల సందుల్లోంచే పాకి లోపలికి వస్తుంది. గోడ దాటేచోట తొడుగు ఒలిచి, తీగలు విడదీసి, ఎపాక్సీ పోయాలి. కెమెరా డబ్బాలో సిలికా జెల్ పొట్లం లేకపోతే చల్లటి నీళ్లలో అద్దానికి లోపల ఆవిరి పట్టేస్తుంది. కెమెరా నీటిపైన అరమీటరు ఎత్తున ఉంటే చూపు రెండున్నర కిలోమీటర్లు పోతుంది. మన సిద్దిపేట కోమటి చెరువుకు అది చాలు.

కెమెరా ఆగిపోతే దిక్కు తోచదు కనుక మామూలు కిటికీ ఒకటి ఉండాల్సిందే. ముందు మాత్రం ఎవరూ లోపల కూర్చోకండి. అనుమతి తీసుకుని, తాడు కట్టి ఖాళీగా దించండి. రాత్రంతా ఉంచి, పొద్దున పైకి తీసి లోపల తడి ఉందేమో చూడండి.