మారేడుమిల్లి దారిలో వెనుక సీటు

రాజమండ్రి నుండి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి 80 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గోకవరం దాటిన తరువాత కొండలు దగ్గరపడతాయి. రంపచోడవరం దాటితే వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. మారేడుమిల్లిలో బొంగులో కోడిమాంసం కూరి నిప్పులపై కాల్చే వాసన బండి ఆపమంటుంది. ఇంకొంచెం ముందుకు వెళితే పాములేరు వాగు. ఎండాకాలంలో కూడా ఆ నీటిలో కాళ్ళు పెడితే ప్రయాణ బడలిక సగం తీరుతుంది.

ఆ ప్రాంతంలోనే తారురోడ్డు విడిచి 6 కిలోమీటర్లు లోపలికి వెళితే మా అత్తగారి ఊరు. ఆ 6 కిలోమీటర్లూ రాళ్ళబాటే. సంతరోజున తప్ప జీపు దొరకదు. ఆమె ఒక్కతే ఉంటుంది. రక్తపోటు మాత్రలు నెలనెలా మేమే తీసుకువెళ్ళాలి. అందుకు మాకున్నది పాత మోటారుసైకిలే.

రెండేళ్ళ క్రితం మా శ్రీమతికి నడుమునొప్పి పట్టుకుంది. డాక్టరుగారు, "కుదుపులు తగ్గించండి, లేదా బండి ఎక్కడం మానండి" అన్నారు. మానితే తల్లిని చూడడమే మానాలి. కనుక కుదుపు ఎక్కడ పుడుతున్నదో వెతకడం మొదలుపెట్టాము.

బండి వెనుక చక్రాన్ని మోసే రెండు షాక్ అబ్జార్బర్లలో ఒక్కొక్కదానిలో రెండు పనులు జరుగుతాయి. పైన కనిపించే స్ప్రింగు దెబ్బను ఓర్చుకుంటుంది. లోపల గొట్టంలోని ఆయిలు సన్నని రంధ్రాల గుండా కదులుతూ స్ప్రింగు ఎగిరిపడకుండా ఆపుతుంది. ఆయిలు కారిపోతే స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఒక గుంటకు మూడు ఎగురులు! పరీక్ష చాలా సులభం: సీటు వెనుక భాగాన్ని బలంగా నొక్కి వదలండి. పైకి వచ్చి నిలిస్తే మంచిది. మాది ఉయ్యాల ఊగింది. కడ్డీల మీద ఆయిలు జిడ్డు కూడా కనిపించింది.

ఒక మెకానిక్కు, "ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తాను, ఇక దిగబడదు" అన్నాడు. చాలామంది గట్టిదే మంచిదనుకుంటారు. మా అభిప్రాయం వేరు. మోసే బరువుకు మించి గట్టిగా ఉన్న స్ప్రింగు గుంటను మింగదు, నేరుగా నడుముకు అందిస్తుంది.

కొలిచి చూశాము. వెనుక చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండు వేసి, ఇరుసు నుండి సీటు కింద పెట్టిన గుర్తు వరకు కొలత తీయాలి. తరువాత బండిని స్టాండు దించి, ఇద్దరూ కూర్చున్నాక మరల కొలవాలి. ఆ తేడా చక్రం కదిలే మొత్తం మేరలో మూడో వంతు దగ్గర ఉండాలి. మా చక్రం కదిలే మేర 80 మిల్లీమీటర్లు. కూర్చుంటేనే 45 దిగిపోతోంది. ఇక గుంట వస్తే మిగిలేదెంత?

పాతవాటి పొడవే ఉన్న, ఇద్దరి బరువుకు తగిన స్ప్రింగులు గల గ్యాసు షాకులు కొన్నాము. పొడవు మారితే బండి నడత మారుతుంది. గ్యాసు అంటే స్ప్రింగు బదులు కాదు. రాళ్ళబాటలో ఆయిలు వేడెక్కి నురగ కడితే పట్టు తప్పుతుంది. ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఆ నురగను అణచిపెడుతుంది. రెండూ ఒకేసారి మార్చాలి. పనిలో పనిగా చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా మార్పించి, టైర్ల గాలి సరిచేయించాము. కొత్తవాటితో దిగుడు 28కి వచ్చింది.

మన పెద్దలు 1950ల ముందు ఎక్కిన చాలా మోటారుసైకిళ్ళకు వెనుక చక్రానికి స్ప్రింగే లేదు, సీటు కింద మాత్రమే ఉండేది. వారి నడుములు ఎలా ఓర్చుకున్నాయో!

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బయలుదేరాము. రంపచోడవరం వరకు పెద్ద తేడా తెలియలేదు. ఘాట్ మలుపులలో బండి వెనుక భాగం ఊగడం మానింది. అసలు పరీక్ష రాళ్ళబాటలో. గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి, దెబ్బ తగలకపోలేదు. కాని తగిలి ఊరుకుంటోంది. రెండో ఎగురు, మూడో ఎగురు లేవు. సగం దారిలో మా శ్రీమతి, "ఏమండీ, ఇవాళ మీ భుజం గట్టిగా పట్టుకోలేదు, గమనించారా?" అంది.

మా అత్తగారు వాకిట్లో నిలబడి కూతురు బండి దిగడం చూసింది. ఇదివరకు దిగాక అరుగు మీద వాలిపోయేది. "అల్లుడుగారూ, కొత్త బండి కొన్నారా?" అని అడిగింది. "బండి పాతదే అత్తయ్యా, కాళ్ళు కొత్తవి" అన్నాము. ఆమె వంగి షాకులను వేలితో తట్టి చూసి, మాత్రల సంచి అందుకొని లోపలికి నడిచింది.

తిరుగు ప్రయాణంలో చింతపండు మూట వెనుక కట్టింది. బరువు పెరిగింది కనుక స్ప్రింగు కింది కప్పును కొక్కెం స్పానరుతో ఒక మెట్టు ఎక్కించాము. స్ప్రింగు దానివల్ల గట్టిపడదు, బండి వెనుక ఎత్తు మాత్రం నిలుస్తుంది. ఇంటికి చేరి మూట దించాక ఆ మెట్టు దించేశాము.