చుక్కా గీతా చేసే చిత్రాలు

మైపాడు బీచికి వెళ్ళొచ్చారంట గదా! ఇసుకలో ఏమన్నా గీశారా, సెల్ఫీలు దిగి వచ్చేశారా? గీయలేదంటే మాత్రం మీతో పేచీయే.

ఎందుకంటారా? 1949లో అమెరికాలో నార్మన్ వుడ్‌లాండ్ అనే ఆయన మయామీ బీచిలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. మనసంతా ఒకటే ధ్యాస: కొట్లో ఏ సరుకు ఏదో యంత్రమే పోల్చుకోవాలి, ఎట్లా? చిన్నప్పుడు స్కౌట్స్‌లో నేర్చుకున్న మోర్స్ కోడ్ గుర్తొచ్చింది. అందులో ఉండేది చుక్కా గీతే గదా. ఊరికే నాలుగు వేళ్ళు ఇసుకలో గుచ్చి తనవైపు లాగాడు. చారలు పడ్డాయి. చుక్కను కిందికి సాగదీస్తే సన్నచార, గీతను సాగదీస్తే లావుచార! బార్‌కోడ్‌కి బీజం పడింది అక్కడే. పేటెంటు 1952లో వచ్చింది. కొట్లో దాన్ని మొదట చదివించింది 1974 జూన్ 26న, ఒహాయోలో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద.

చూశారా, బుర్రకు తట్టనిది ఒక్కోసారి చేతికి తడుతుంది!

చుక్కా గీతా అనగానే మీకేం గుర్తొచ్చింది? అద్దీ, మన వాకిలి! నెలగంట పెట్టగానే పత్రికల్లో వేస్తారే: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. ఆ ఒక్క ముక్క చాలు మన ఆడవాళ్ళకి. నడుమ వరుస 15, దానికి పైనా కిందా 14, ఆపైన 13, అట్లా తగ్గించుకుంటా 8 దాకా. మొత్తం 169 చుక్కలు. కావాలంటే కూడి చూసుకోండి. రవ్వంత సూచనతో వాకిలంత బొమ్మ! కంప్యూటర్ వాళ్ళు ప్రోగ్రామనేది ఇదేగా?

ఈ సంగతి కనిపెట్టినవాళ్ళూ ఎంతో దూరంలో లేరు. చెన్నై పక్కన తాంబరంలో, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి ముగ్గుకు లెక్కల వ్యాకరణం కట్టారు. చిన్న ముక్కతో మొదలుపెట్టి, ఏ నియమాన్ని ఎన్నిసార్లు వాడితే ఎంత ముగ్గు పెరుగుతుందో చెప్పే వ్యాకరణం. ఆ పత్రం అచ్చయిందెప్పుడో తెలుసా? అదీ 1974లోనే! బొమ్మల్ని నియమాలతో పుట్టించే కంప్యూటర్ విద్యలో మన వాకిలి ముగ్గుకు అట్లా చోటు దొరికింది.

కాబట్టి, పిల్లోడు నోటుపుస్తకం చివరి పేజీ నిండా గీతలు గీశాడని వీపు విమానం మోత మోగించకండి. పక్కన కూర్చుని ‘ఏంది నాయనా ఇది?’ అని అడగండి. వాడు చెప్పడం మొదలుపెట్టాక మీకు అన్నంవేళ తెలిస్తే ఒట్టు!