తెల్లమచ్చలు చెప్పని లెక్క

చల్లపల్లి బస్టాండుకు చేరేసరికి ఇంకా చీకటి విడలేదు. స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు చీపుళ్లు పట్టుకుని రోడ్డు వార ఊడుస్తున్నారు. 2014 నుంచి వీళ్లది ఇదే వరస. "నేనూ అప్పుడప్పుడూ వచ్చేదాన్నక్కా" అంది మా పిన్ని కూతురు, గోడ పట్టుకుని నిలబడి. రోహిణి కార్తె. ఎండెక్కకముందే విజయవాడ చేరాలని తొలి బస్సెక్కాం.

తనకు మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీదుండే మైలిన్ పొరను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాడుచేస్తుంది. గట్టుకు గండిపడితే శివారు చేలకు నీరెంత ఆలస్యంగా అందుతుందో మా వైపు రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. నరాల్లో కబురూ అంతే. ఒళ్లు వేడెక్కితే చూపు మసకేస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. చల్లబడితే మళ్లీ మామూలే. శ్రమ చేశాక చూపు ఇలా మసకేయడాన్ని 1890లో గమనించింది ఊటాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు. ఆయన మే నెల బెజవాడను చూసివుంటే ఏమనేవాడో!

ఎమ్మారై స్కానింగు సెంటర్లో పుస్తెలతాడు తీయమంటారని పిన్ని ముందురోజే పసుపు కొమ్ము కట్టిన తాడు మెళ్లో వేసింది. టెక్నీషియన్ కుర్రాడు మెట్టెలు, జడపిన్నులు తీయించి, జాకెట్టుకు పిన్నీసు ఉందేమో చూసుకోమన్నాడు. "మాకు బంగారం కన్నా పిన్నీసంటేనే భయమండీ" అన్నాడు. నిజమే. ఆ యంత్రంలోని అయస్కాంతం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. బంగారాన్ని అది లాగదు, ఉక్కును వదలదు.

తలకు పంజరం లాంటి తొడుగు పెట్టి లోపలికి పంపారు. ఇనప డ్రమ్ము మీద సుత్తితో బాదినట్టు చప్పుడు. అద్దానికి ఇవతల తెర మీద మెదడు పొరపొరగా కనిపించింది. ఫ్లెయిర్ అనే పద్ధతిలో నీరు నల్లగా, మచ్చలు తెల్లగా పడతాయి. మెదడులోని నీటి గదుల అంచుల నుంచి వేళ్లు చాచినట్టున్న మచ్చల్ని ఆ కుర్రాడు చూపించాడు. వాటికి డాసన్ వేళ్లని పేరట. 1916లో ఎడింబరోలో డాసన్ వాటిని చనిపోయినవాళ్ల మెదడు కోతల్లో చూసి వర్ణించాడు. బతికున్న మనిషిలో ఈ జబ్బు మచ్చల్ని ఎమ్మారై చూపించడం 1981లో మొదలైంది.

కిందటేడు ఇలాగే స్కాన్ తీయించినప్పుడు, అప్పటి డాక్టరు ఫిల్ములు చూసి "కొత్త మచ్చలేం లేవు, బాగుంది" అన్నాడు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. కానీ ఇంట్లో సంగతి వేరు. డ్వాక్రా సంఘం లెక్కలు రాసేది తనే. పక్కన ఎవరైనా మాట్లాడితే చాలు, ఇప్పుడు కూడిక మళ్లీ మొదటికొస్తోంది. ఇంట్లోవాళ్లు పరధ్యానం అంటున్నారు. తనేమో ఎవరికీ చెప్పకుండా రాత్రిళ్లు కూర్చుని రాస్తోంది.

ఈసారి వేరే ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ ఫిల్ములకన్నా ముందు ఆ లెక్కల సంగతే అడిగింది. ఒక కాగితం తీసింది. పైన తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి ఒక్కో అంకె; కింద వరసల్లో గుర్తులు మాత్రమే. చూసి అంకె చెప్పాలి. వ్యవధి 90 సెకన్లు. సమయం అయ్యేసరికి చెల్లి మూడో వరసలోనే ఉంది. "ఒక్క తప్పూ లేదమ్మా. వేగమే తగ్గింది" అందామె.

తెల్లమచ్చల సంఖ్యకూ ఆలోచన వేగానికీ గట్టి పొత్తు లేదట. నష్టం బూడిదరంగు పదార్థంలోనూ ఉంటుంది. పై పొరలోని మచ్చలు మామూలు స్కానుకు సరిగా చిక్కవు. నడిమధ్యలో కబుర్లను అటూఇటూ అందించే థాలమస్ సన్నబడటానికీ, బుద్ధి నెమ్మదించడానికీ సంబంధం ఎక్కువ. ఆ తరుగుదల ఏడాదికి ఒక శాతం లోపో, కాస్త పైనో ఉంటుంది. కంటితో పట్టలేం, కంప్యూటరుతో కొలవాలి. ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 40 నుంచి 65 మందికి ఇలాంటి ఇబ్బంది ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పారిస్‌లో షార్కో 1868లోనే ఈ జబ్బును వివరించాడు, రోగుల జ్ఞాపకం సడలడాన్నీ గమనించాడు. అయినా ఇప్పటికీ చాలాచోట్ల ఇది కాళ్ల జబ్బు, కంటి జబ్బు మాత్రమే. వేలు పోసి ఏటా స్కాన్ తీయిస్తాం. ఒక కాగితం, ఒక గడియారం చాలే పరీక్ష మాత్రం అరుదుగానే చేస్తారు. నాకిది అన్యాయమనే అనిపించింది.

లెక్కలు పొద్దున్నే, చల్లవేళ, టీవీ ఆపి రాయమంది డాక్టరమ్మ. తిరుగు బస్సు ఉయ్యూరు దాటాక చెల్లి నోరు విప్పింది. "అయితే నేను మొద్దునైపోలేదన్నమాట."

మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్లుంటే, ఈసారి ఫిల్ముల కవరుతో పాటు లెక్కల పుస్తకం కూడా డాక్టరు ముందు పెట్టండి. ఆ 90 సెకన్ల పరీక్ష చేయమని అడగండి.